ఎచ్చగా ఉన్న ఒక్క బిల్ల

వంశీ, రాజీ, ఇద్దరూ ఇనండి. పనిలో ఉంటే ఆపీసి, తీరిగ్గా కూకున్నప్పుడు ఇనండి. ఫోన్లో ఈ బొత్తాం నొక్కి మాటాడితే మీకు సేరతాదని రాజీ నేర్పినాది కదా. నొక్కేను. ఎర్రగా ఎలుగుతంది.

రూపాయి బిల్ల బరువెంతుంటాది? అరసేతిలో పెడితే ఉందో లేదో తెలీదు. నాను దాన్ని యాబై ఏల్ల పైనుంచీ మోస్తన్నాను. పడుకున్నా దిగదు. గుడికెల్లి దండం పెట్టినా దిగదు. మీ తాత పోయినరోజు అందరూ ఏడస్తంటే, నాను ఆయన సెవి దగ్గరకి వొంగేను, ఇప్పుడైనా సెప్పీద్దామనీసి. ఇంక ఇనలేనోడికి కూడా సెప్పలేకపోయిన మాట అది.

ఇప్పుడు మీకు ఎందుకు సెప్తన్నాను? దూరంగా ఉన్నారనా? నా మొకం మీకు కనపడదనా? అవును, అందుకే కాబోలు.

వంశీ, నువ్వు ఆదివారంలోగా సెప్పమన్నావు. బిల్లలు గ్రేడింగుకి పంపుదుమా, ఉన్నవి ఉన్నట్టు అమ్మీదుమా, నీ బిల్లలు కాబట్టి నువ్వే సెప్పు అమ్మమ్మా అన్నావు. దానికి జవాబే ఇది. కానీ ఒక్క ముక్కలో వచ్చీ జవాబు కాదు నాయనా.

మొన్న నువ్వు పూనా నుంచి వచ్చినప్పుడు, మంచం కింద సెక్కపెట్టి నీ సేతే లాగించేను. మీ తాత వాల్లమ్మ దాసిన ఎండి రూపాయిలు, రాణీ బొమ్మవీ రాజు బొమ్మవీ, గుడ్డసంచిలో ఉన్నాయి. రాజీ బట్టలు కుట్టీ కొట్టు పెట్టుకుంటానంటంది, ఇవి అమ్మీండి అన్నాను. అనీసేక నా నోరు నాకే భయమేసినాది. ఇన్నేల్లూ ఎవలినీ ముట్టుకోనివ్వని పెట్టి, ఎందుకు తీయించేను? రాజీ మీద పేమా? పట్టుబడాలన్న కోరికా? ఇప్పటికీ తేల్సుకోలేకపోతన్నాను.

నువ్వు తెల్లకాయితం పరిసి, ఒక్కో బిల్లా పెట్టి ఫోటో తీస్తన్నావు. రాజీ ఫోన్లోంచి సూస్తంది.

"అమ్మమ్మా, ఇవి ఇలా తళతళా మెరిసిపోతన్నాయేటి?"

"సింతపండూ బూడిదా ఏసి తోమేను నాయనా. శుబ్బరంగా ఉంటాయనీసి."

నువ్వు తల పట్టుకున్నావు. రాజీ పకపకా నవ్వినాది. "అయిపోయింది పో! పాత బిల్లకి ఆ నలుపే ధర అంట్రా. అమ్మమ్మ లచ్చలు తోమీసి కాలవలో పారబోసింది."

"ఒసే, నువ్వాగు. నీ కొట్టుకి ముహూర్తం పెట్టింది అమ్మమ్మే, సెడగొట్టిందీ అమ్మమ్మే."

నానూ నవ్వేను. నవ్వుతానే ఉన్నాను. అప్పుడు నువ్వు సంచిలో సెయ్యి పెట్టి ఇంకో బిల్ల తీసేవు. తీసి, సేతులు మార్సుకున్నావు, ఏడి గిన్నె పట్టుకున్నోడిలాగ.

"ఇదేటే, ఇదొక్కటీ ఎచ్చగా ఉంది? కిటికీలో పెట్టేవేటి?"

"ఎండ తగిలుంటాది" అన్నాను.

బయట ముసురు. పొద్దుట్నుంచీ ముసురు. నువ్వు కిటికీ వైపు సూసినావు, నా వైపు సూసినావు. అదిగో, ఆ సూపు.

గ్రేడింగంటే ఏటో నువ్వు ఇవరంగానే సెప్పినావు. పట్నంలో తెలిసినోల్లు అద్దం పెట్టి సూస్తారు, తూస్తారు, అసలుదో నకిలీదో ఏరతారు, ఎంత అరిగిందో అంకె ఏస్తారు. తోమినదైతే తోమినారని రాసీస్తారు, అప్పుడు ధర పడిపోతాది, పంపిన ఖర్చు కూడా రాదేమో అన్నావు. అన్నీ అయ్యేక, గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మల్లీ ఇప్పడానికి లేకుండా సీలేస్తారు. ఎవలి సెయ్యీ తగలదింక. ఊపిరాడదు కదా దానికి, అన్నాను. నువ్వు నవ్వీసినావు.

తరవాత నీ ఫోటోలు సూసిన అతను, ఆ పాత బిల్లలు కొనీ అతను, ఏటన్నాడో సెప్పినావు. ఆ ఎచ్చగా ఉన్న బిల్ల అంచుకి ఒకప్పుడు రింగు అతికించి, పీకీసినట్టున్నాది, గ్రేడింగుకి పంపితే అది కూడా కాయితం మీద ఎక్కుతాది అన్నాడని. "ఎవలి మెడలోదే అమ్మమ్మా?" అన్నావు. తెల్దు నాయనా అన్నాను.

తెలుసు. నా మెడలోదే.

నాను మీ తాతకి రెండో పెల్లాన్ని, మీకు తెలుసు. పైడమ్మ పెద్దమ్మ నా కడుపున పుట్టలేదు, మీ అమ్మకి సవితి అప్ప. అదీ తెలుసు. మొదటామె ముత్తైదుగా పోనాది, సిన్న వయసు. నాను ఆమెని సూడలేదు. సూడకపోయినా అప్ప అనే పిలవాల. మనిల్లల్లో రెండో పెల్లాన్ని తెచ్చుకుంటే, పోయినామె పేరు మీద ఒక బిల్ల కొత్త పెల్లాం మెడలో కడతారు, పుస్తెల పక్కనే. అప్పకి రాజుబొమ్మ రూపాయి కట్టేరు, పైన సిన్న రింగు అతికించి, పసుపుతాడుకి గుచ్చి. కొత్త సీర తెస్తే తొలీత ఆ బిల్లకి ఆనించాల, తరవాతే నాను కట్టుకోవాల. పండక్కి తొలి ముద్ద ఆమెకే. నాను కాపరానికొచ్చిన ఇంట్లో నాకన్నా ముందు అన్నీ ఆమెకే. అయినా నాకు కోపం లేదు అప్పటికి. నిజంగా లేదు. ఉండీదా? ఏమో.

ఆ బిల్ల ఎప్పుడూ ఎచ్చగా ఉండీది. నా ఒంటి ఏడి అనుకున్నాను.

పైడమ్మకి అప్పుడు ఐదేల్లుంటాయి కాబోలు. మీరు నమ్మరు గానీ, అది గలగలా మాటాడీది. కోడిపెట్ట గురించి, గోగు సేలో కనపడిన పాము గురించి, ఎవలింట్లో దూడ పుట్టినాదో, అన్నీ. రాత్రి నా పక్కలో పడుకుని, నా రొమ్ము మీద తల పెట్టి, బిల్ల సెవికి ఆనించుకుని మాటాడీది. మాటాడి ఆగీది. ఇంటన్నట్టు ఆగీది. అప్పుడు "ఊఁ" అనీది. మల్లీ ఆగీది. "ఊఁ." నా గుండె మీద పడుకుని, నాకు ఇనపడని కత ఇనీది.

ఒకరోజు నానూ ఊఁ కొట్టేను. ఏదో పేమతోనే. తలెత్తి సూసినాది. "నీతో కాదు పిన్నీ. అమ్మతో మాటాడతన్నాను. నువ్వు మాటాడకు" అన్నాది.

సిన్నగుంట మాట. దానికేటి తెలుసు? నాకు తెలుసు కదా. పందొమ్మిదేల్ల దాన్ని, కడుపుతో ఉన్నదాన్ని, నాకు తెలియొద్దా? కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోనాది. నా ఒల్లు నాది కాదనిపించినాది. నాను వొట్టి మేకునే, ఆ బిల్ల తగిలించుకోడానికి గోడకి కొట్టిన మేకుని. నా మొగుడు నాతో మాటాడినా ఆయన కల్లు బిల్ల మీదుండీవి. నా కడుపులో ఉన్నది కూడా ఆమే మల్లీ పుడతంది అనీవోరు ఊల్లో ఆడోల్లు, నాకు సంతోసమనుకుని.

కార్తీకంలో చంపావతి ఏట్లో తానానికెల్లేము, పైడమ్మా నానూ. కొత్త పసుపుతాడు తీసుకెల్లేను, పాతది నలిగిపోనాదని. ఒడ్డున కూకుని తాడిప్పేను. బిల్ల దానికి సూపించేను. పాత పసుపుగుడ్డ ముక్కలో పెట్టి మూట కడతన్నట్టు కట్టేను. అది కొంగలకేసి సూస్తంది. ఆ సూసినంతసేపట్లో బిల్ల నా రొంటిలోకెల్లిపోనాది. మూటలో ఏటికాడి గుండ్రాయి. అంతకు ముందే ఏరి ఉంచేను. అది గుర్తుంచుకోండి. కోపంలో సేసిన పని కాదు. ఏరుకుని సేసిన పని.

"ఇదిగో, అమ్మని పట్టుకో. నాను మునిగొచ్చి తాడు మారుస్తాను. ఇప్పకు."

"అమ్మకి సలేస్తాదా పిన్నీ?"

"ఎయ్యదు."

నీల్లలో మునిగేను. బేగి లెగలేదు. లోపల సల్లగా ఉన్నాది, నా రొంటి దగ్గర మాత్రం ఎచ్చగా. పైకొచ్చీసరికి అది ఒడ్డున మూట గుండెకానించుకుని, గుసగుసలాడతా కూకున్నాది.

"ఏదీ, ఇప్పు" అన్నాను.

ఇప్పినాది. రాయి సూసినాది. నన్ను సూసినాది. ఏడవలేదు.

"ఇదేటి పిన్నీ? అమ్మ రాయైపోనాదేటి?"

అప్పుడైనా నవ్వీసి, ఆటలాడేనమ్మా అనీసి, రొంటిలోది తీసి ఇచ్చీవల్సింది. ఇంకా నీల్లు కారతన్నాను, ఎవలూ సూడలేదు, అంతా ఎనక్కి తిప్పుకోడానికి ఒక్క నవ్వు సాలు. నాను నవ్వలేదు. నాను అన్నది ఇదీ. ఈ మాట ఇంతవరకూ నా నోటెంట మల్లీ రాలేదు, ఇప్పుడంటన్నాను: "నువ్వు పొద్దస్తమానూ వాగి వాగి దాన్ని ఇసిగించేవు. నీ మాటలు పడలేకే ఎల్లిపోనాది."

అది నోరు మూసుకున్నాది.

అంతే. ఆ మూసుకోడమే. మీకు తెలిసిన పెద్దమ్మ అదే కదా. అడిగితే తలూపుతాది, మరీ తప్పదంటే ఒక్క ముక్క. మీరు సిన్నప్పుడు "మాటాడని పెద్దమ్మ" అని పిలిసీవోరు. పుట్టుకతోనే అలగని అనుకున్నారు. కాదు నాయనా. నాను నాతో మాటాడమనే కోరుకున్నాను. ఒట్టు, అంతే కోరుకున్నాను. బిల్ల లేకపోతే నాకే సెప్తాది కదా, కోడిపెట్ట గురించి, దూడ గురించి.

విశాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లేము. గొంతులో ఏటీ లేదన్నారు. సోది అడిగించేము, తాయెత్తులు కట్టించేము. అన్ని సోట్లా దాని పక్కన కూకున్నది నానే. ఎందుకు మాటాడదో తెలిసిన మనిసి పక్కనే కూకుని, డాకటేరు అడిగితే, "ఏమో బాబూ, ఉన్నట్టుండి మానీసినాది" అని సెప్పినాది. పెల్లిసూపులకొచ్చినోల్లు మూగదని ఎల్లిపోనారు. ఊల్లో నన్నేటనీవోరో తెలుసా? సవితి తల్లంటే ఇలగుండాల, కన్నతల్లి కన్నా ఎక్కువ సూస్తంది, అనీవోరు. నిజమే, బాగానే సూసేను. దొంగ కూడా దాసుకున్న సొత్తుని బాగానే సూస్తాడు కదా.

మీ తాతకి మాత్రం, తాడు మారుస్తంటే బిల్ల ఏట్లో జారిపోనాదని సెప్పేను. బిల్ల తొలీత దాన్యం గాదిలో దాసేను. లోపలెక్కడో, సెయ్యి పట్టినంత లోతు. కొన్నాల్లకి తీద్దామని ఎల్తే, దాని సుట్టూ గింజలు మొలకెత్తీసినాయి. ఎండు దాన్యం, చుక్క నీరు లేదు. తెల్లటి మొలకలు బిల్లని అల్లుకుని, గూటిలో గుడ్డులాగ పట్టుకున్నాయి. ఆ మొలకలన్నీ తుంపి పెంటలో ఏసేను. పట్కారుతో రింగు పీకి పొయ్యిలో పడీసి, అంచు సన్నికల్లు మీద అరగదీసేను. తాత సంచిలో రూపాయిలతో కలిపీసేను. అయినా దాని నలుపు వేరేగా ఉన్నాది, పసుపు పట్టిన నలుపు. అందుకే అన్నీ తోమేను, రాజీ. శుబ్బరం కోసం కాదు. ఏది ఏదో తెలీకుండా ఉండాలనీసి. అన్నీ ఒక్కలాగే మెరిసినాయి. బాగు బాగు అనుకున్నాను.

కానీ సీకట్లో సంచిలో సెయ్యి పెట్టినా నా ఏల్లు సరాసరి దాని మీదకే ఎల్లీవి. మిగతావన్నీ మంచు. అదొక్కటీ ఇప్పుడే ఎవలి మెడలోంచో తీసినట్టు. సలికాలం మనింటి పిల్లి ఆ పెట్టి మీదే పడుకుంటాదని మీరు నవ్వీవోరు కదా. ఎన్ని పిల్లులు మారినా, ఏ పిల్లైనా అక్కడే.

పెద్దమ్మ ఆ రాయి పారెయ్యలేదు. మీరు సూసినారు. పసుపు డబ్బాలో ఉంటాది, శుక్కురవారం దానికి పసుపు రాస్తాది. ఏ దేవుడో అనుకున్నారు మీరు. ఒకసారి వంశీ అది తీసి గోలీలాడితే పెద్దమ్మ అరిసినాది, గుర్తుందా? మాట లేదు, వొట్టి అరుపు. నువ్వు దడుసుకుని నా కుచ్చిల్లలో దాక్కున్నావు. "రాయి కోసం అంత అరుపేటే?" అన్నావు. నాను నీ తల నిమిరేను. సెప్పలేదు.

ఇప్పుడు నువ్వు ఫోన్లో అన్న మాటొకటి ఉన్నాది. "అమ్మగా వచ్చినదాంట్లో పెద్దమ్మకీ ఒక వాటా ఇద్దాం అమ్మమ్మా, పాపం" అన్నావు. మంచోడివి నాయనా. దాని తల్లిని అమ్మి దానికే వాటా ఇద్దామన్నావని నీకు తెలీదు కదా.

అందుకని ఇనండి. మిగతావి పంపితే పంపండి, మానితే మానండి. తోమినవని రాస్తే రాసుకోనీండి, నిజమే కదా. ఆ ఒక్కటీ పంపొద్దు. పంపడానికి లేదు కూడా. సంచి నా దగ్గరే ఉంచి ఎల్లినావు కదా, ఆ బిల్ల ఇప్పుడు అందులో లేదు.

ఈరోజు శుక్కురవారం. పొద్దున్న పెద్దమ్మ తానానికెల్లినప్పుడు, నాను వంటింట్లోకెల్లి, పసుపు డబ్బా మూత తీసి, రాయి పక్కన బిల్ల పెట్టేను. పెట్టి వచ్చి ముందు గదిలో కూకున్నాను. ఒక్క మాట సెప్పలేదు. ఇంత వయసొచ్చి, మల్లీ దొంగలాగే. తీసినప్పుడూ దొంగతనంగా, ఇచ్చినప్పుడూ దొంగతనంగా.

అప్పుడొచ్చినాది అసలు బుద్ది. ఏటనుకున్నానో తెలుసా? అమ్మ తనంతట తనే తిరిగొచ్చిందనుకుంటాది కదా, అనుకోనిద్దాం, సంతోసపడతాది, నాను సెప్పక్కరలేదు. ఎంత బేగి వచ్చినాదో ఆ ఆలోచన! ఏటొడ్డున రాయి ఏరిన సెయ్యి ఇంకా నాకాడే ఉన్నాది. అదే సెయ్యి ఇప్పుడు మల్లీ ఏరతంది. అందుకే గబగబా ఫోన్ తీసేను. మీకు సెప్పీస్తే ఇంక ఆ దారి మూసుకుపోతాది. మీరు దానికి సెప్పకండి. నానే సెప్పాల. సెప్తానా? సెప్పాల.

ఉండండి.

మూత సప్పుడు. పసుపు డబ్బాది.

ఏటీ ఇనపడటం లేదు. గిన్నెల సప్పుడు కూడా ఆగినాది.

…ఇంటన్నారా? ఫోన్లో మీకు ఇనపడతాదో లేదో. మాటాడతంది. పెద్దమ్మ. ఒకటీ రెండూ ముక్కలు కాదు, ఎడతెరిపి లేకుండా. అరవై ఏల్లు పైబడిన మనిసి గొంతు కాదది. ఆ గొంతు నాకు తెలుసు. నా రొమ్ము మీద పడుకున్న గొంతు. ఎక్కడ ఆపినాదో అక్కడినుంచే ఎత్తుకున్నాది. దూడ… దూడ గురించి సెప్తంది. ఆ దూడ సచ్చి ఎన్ని తరాలైనాదో.

ఇప్పుడాగినాది.

"ఊఁ" అంటంది.

మల్లీ ఆగినాది. "ఊఁ."

ఇంటంది నాయనా. ఎవలో సెప్తన్నారు, అది ఇంటంది. ఏటి సెప్తన్నాది దానికి? కొంగల గురించా? మూట గురించా? ఇన్నేల్లు గాదిలో, సంచిలో, సీకట్లో ఉన్నదానికి సెప్పడానికి సానా ఉంటాది కదా. నా కన్నా ముందే సెప్పీస్తంది కాబోలు.

లెగిసి ఎల్లాల. లెగలేకపోతన్నాను. నువ్వు మాటాడకు అన్నాది కదా ఆ రోజు.

కానీ ఒకటి సెప్తాను. ఇక్కడ, మెడ కింద, బిల్ల ఏలాడిన సోట, ఇన్నేల్లూ నాకు ఎచ్చగా ఉండీది. బిల్ల తీసీసిన తరవాత కూడా. సీర కప్పినా, తడిగుడ్డ ఏసినా పోలేదు. మీతో మాటాడతా మాటాడతా సూసుకోలేదు. సల్లబడినాది. సెయ్యేసి సూసేను, వొట్టి ముసలి తోలు, సల్లగా. అంతే నాకు దక్కినాది. అంతకన్నా అడగను.

ఊఁ కొట్టడం ఆగినాది.

అడుగుల సప్పుడు. ఇటే వస్తంది. బొత్తాం వొదిలీస్తన్నాను, బాబూ. ఇంక మిగిలినది మీకు కాదు, దానికే సెప్పాల.